మేనల్లుడికి సోకిన ప్రేమ

గత శనివారం బందరు రోడ్డులోని ఒక కార్పొరేట్ జూనియర్ కళాశాల వారు నన్ను హుటాహుటిన పిలిపించారు. మా అక్కాబావలు వినుకొండ దగ్గర మిరప వేసుకుంటారు కనుక, హాస్టల్లో ఉండి బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడికి విజయవాడలో పెద్దదిక్కును నేనే. జ్వరమో, ఫీజు బకాయో అనుకుంటూ వెళ్లాను. డీన్ గారు తలుపు మూసి, గోడలు కూడా వినకూడదన్నంతగా గొంతు తగ్గించి, "లవ్ మేటరండీ" అన్నారు.

ఈ కళాశాలల వాస్తుశాస్త్రం పాఠకులకు కొత్త కాదు. అబ్బాయిలకొక మెట్లదారి, అమ్మాయిలకొక మెట్లదారి, తరగతి గదుల మధ్య ప్లైవుడ్ గోడ. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు ఉన్నాయి, వరదొస్తే ఎత్తుతారు. ఈ గోడకు ఒక్క గేటూ లేదు. నీట్‌లో 720 మార్కులకు 360 జీవశాస్త్రానివే కాబట్టి, ఆ గోడకు ఇవతల కూర్చుని మావాడు టెస్టోస్టిరాన్ ఎక్కడ పుడుతుందో, ఏ వయసులో ఏం చేస్తుందో పొద్దుటినుంచీ రాత్రిదాకా వల్లె వేస్తాడు. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు వేస్తారు. అదే హార్మోను సొంత ఒంట్లో పుట్టించుకుంటే పెద్దల్ని పిలిపిస్తారు.

డీన్ గారు వార్డెన్ రాసిచ్చిన నేరాల చిట్టా విప్పారు. విద్యార్థి మూడు వారాలుగా రోజూ స్నానం చేస్తున్నాడు. చెప్పకుండానే దుప్పటి మడత పెడుతున్నాడు. ఇంటినుంచి వచ్చిన గోంగూర పచ్చడిని పెట్టెలో పెట్టి తాళం వేయకుండా గదిలో అందరికీ వడ్డిస్తున్నాడు. అన్నిటికంటే ఘోరంగా, ఆదివారం ఫోను మాట్లాడే గంటలో తల్లిని "నువ్వు తిన్నావా అమ్మా?" అని అడిగాడు, పక్కనే కాపలా ఉన్న వార్డెన్‌కు అనుమానం రూఢి అయింది అక్కడేనట. పదిహేడేళ్లలో ఆ ప్రశ్న వినడం మా అక్కకు అదే మొదలు కావడంతో, ఆవిడ ఆ రాత్రే నాకు ఫోను చేసి, పిల్లవాడికి ఒంట్లో బాగానే ఉందా అని కంగారుపడింది.

ఈ వయసు ప్రేమలో ఎక్కువ భాగం, ఎదుటి మనిషిలో తనను చూసుకుని తానెవరో తేల్చుకునే ప్రయత్నమేనని మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ 1950లోనే రాశాడు. ఆయన ఇక్కడ చదివి ఉంటే టీసీ చేతిలో పెట్టి పంపేవారు.

చివరగా సాక్ష్యం బయటికి వచ్చింది. మావాడి పెట్టెలో చొక్కాల అడుగున దొరికిన చీటీ. పైన వాడివి మూడు వాక్యాలు, రెండు అక్షరదోషాలు. కింద ఆ అమ్మాయి జవాబు: "నాకు అలాంటి ఉద్దేశం లేదు. నా జువాలజీ నోట్సు ఇచ్చెయ్, సోమవారం టెస్టుంది." మావాడు మర్నాడే ఇచ్చేశాడు, చిరిగిపోయిన పాత అట్ట తీసేసి కొత్తది వేసి మరీ. మళ్లీ చీటీ రాయలేదు, మెట్ల దగ్గర కాపు కాయలేదు. ఇదంతా డీన్ గారే చెప్పి, "అయినా డిసిప్లిన్ డిసిప్లినే కదండీ" అన్నారు.

ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకావడం లేదు. 2021 ఆగస్టు 15న, గుంటూరులో పట్టపగలు నడిరోడ్డు మీద, తనను కాదన్నదన్న కక్షతో ఒకడు ఇంజినీరింగ్ చదివే అమ్మాయిని కత్తితో పొడిచి చంపాడు. అలాంటి ప్రతిసారీ కొవ్వొత్తులు పట్టుకుని నడుస్తాం, మగపిల్లల పెంపకం మీద ఉపన్యాసాలు దంచుతాం. ఆడపిల్ల "వద్దు" అంటే ఆ మాటను దిగమింగుకుని, దుప్పటి కింద ఏడ్చుకుని, పుస్తకానికి అట్ట వేసి తిరిగి ఇవ్వడం ఏ స్టడీ మెటీరియల్లో ఉందయ్యా? ఒక పిల్లవాడు దాన్ని తనంతట తాను నేర్చుకుంటే నేరమని ఫైలు కడతారా? ఆడపిల్లంటే గోడ అవతలి ప్రమాదమని రెండేళ్లు నూరిపోసి పంపితే, గోడ దాటాక వాడు మనిషిలా మెలగడం ఎక్కడినుంచి వస్తుంది? సిగ్గుండాలి!

పరీక్షలయ్యేవరకు విద్యార్థి ప్రవర్తనలో ఎటువంటి మార్పూ రాకుండా చూసుకుంటానని నా చేత హామీపత్రం రాయించుకున్నారు. రాసిచ్చాను, ఫీజు మొత్తం కట్టేసి ఉన్నాం కదా.

కింద స్కూటరు దగ్గర మావాడు తల వంచుకుని నిలబడ్డాడు. తిడతానని కాబోలు అనుకున్నాను. "వాళ్ల నాన్నకు కూడా ఫోన్ చేశారా మావయ్యా? చేస్తే చదువు మాన్పించేస్తారు. తన తప్పేం లేదని వాళ్లకు చెప్పవా?" అన్నాడు.

నలభై ఆరేళ్లవాణ్ణి, పైన గంటసేపు కూర్చున్నా నాకు ఆ మాట తట్టనేలేదు. తాళంచెవి వాడి చేతికిచ్చి మళ్లీ మెట్లెక్కాను. అబ్బాయిల మెట్లే.