బొమ్మకు పుట్టుపూర్వోత్తరాలు ఉండాలి

హనుమకొండలో వంద గజాల ప్లాటు కొనాలంటే లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం, ఈసీ తీయిస్తాం, తెలిసిన వకీలుకు చూపిస్తాం. లక్షలు పెట్టి పేరున్న చిత్రకారుడి బొమ్మ కొనేటప్పుడు మాత్రం 'ఒరిజినల్' అని ముద్ర వేసిన ఒక్క కాగితం చూసి నమ్ముతున్నాం. నకిలీ బొమ్మల వ్యాపారం బతికేది ఈ నమ్మకం మీదే.

2009లో ఢిల్లీలో తన పేరుతో పెట్టిన ప్రదర్శనకు ప్రసిద్ధ చిత్రకారుడు ఎస్.హెచ్. రజా వెళ్లి, అక్కడున్న వాటిలో చాలావరకు తాను వేసినవి కావని చెప్పారు. ఆయన బతికుండి, స్వయంగా వెళ్లారు కాబట్టి విషయం బయటపడింది. చిత్రకారుడు లేనప్పుడు మాట్లాడేది కాగితాలే, వాటినీ పుట్టించొచ్చు. జర్మనీలో బెల్ట్రాకీ అనే ఫోర్జరీకారుడు చిత్రాల వెనక పాత సేకరణల లేబుళ్లు తయారుచేసి అంటించాడు. భార్యకు ఆమె అమ్మమ్మలా వేషం వేసి, నకిలీ చిత్రాల ముందు కూర్చోబెట్టి పాతకాలం ఫొటో కూడా తీశాడు. 1914 నాటిదని చెప్పిన ఒక చిత్రం 2006లో కొలోన్ వేలంలో 28 లక్షల యూరోలకు పైగా పలికింది. ఆ కాలంలో చిత్రకారులకు దొరకని టైటానియం తెలుపు రంగు అందులో కనబడటంతో గుట్టు రట్టయింది. 2011లో అతనికి శిక్ష పడింది.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలంగాణ చిత్రకారుల్లో కరీంనగర్ జిల్లా అన్నవరం నుంచి పి.టి. రెడ్డి, సిద్దిపేట నుంచి కాపు రాజయ్య, బూరుగుపల్లి నుంచి తోట వైకుంఠం వచ్చారు. వైకుంఠం గీసిన ఆడవాళ్ల పెద్ద బొట్టు, ముదురు రంగు చీర దూరం నుంచే గుర్తుపడతాం. అంత తేలిగ్గా గుర్తుపట్టే శైలిని అనుకరించడమూ తేలికే. అందుకే సంతకం చూసి ఆగిపోవద్దు. మొదట ఎవరు కొన్నారు, ఏ ప్రదర్శనలో పెట్టారు, కేటలాగ్‌లో ఫొటో ఉందా, కాన్వాస్ వెనక ఏముంది, పాత బిల్లు ఏదీ అని అడగండి. అమ్మేవాడే రాసిచ్చిన సర్టిఫికెట్ అయితే అది అతని మాటే తప్ప సాక్ష్యం కాదు. ఆన్‌లైన్ వేలంలో పేరు ముందు 'అట్రిబ్యూటెడ్ టు' అని ఉంటే, ఆ చిత్రకారుడిదేనని వేలం సంస్థ పూర్తి హామీ ఇవ్వట్లేదని అర్థం. నకిలీ అని తేలితే ఎన్నాళ్లలోపు వాపసు తీసుకుంటారో షరతుల్లో ముందే చదవాలి. తర్వాత పోలీసుల దగ్గరికి వెళ్లినా, నేనూ నమ్మే కొన్నానని అమ్మినవాడు అంటాడు. తెలిసే మోసం చేశాడని రుజువు చేయడం చాలా కష్టం.

చేర్యాల నకాశీ చిత్రాలకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. అయితే అది ఊరికి, పద్ధతికి సంబంధించినది. ఫలానా బొమ్మ ఎవరి చేతిదో అది చెప్పదు. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి రోజుల తరబడి వేసిన చిత్రం పక్కన, దాని డిజిటల్ ప్రింట్‌కు ఫ్రేమ్ కట్టి అమ్మితే నష్టపోయేది ఆ నకాశీ కుటుంబమే. భూతద్దంతో చూస్తే ప్రింట్‌లో సన్న చుక్కలు బయటపడతాయి, ఆ మాత్రం ఓపిక కొనేవాళ్లకు ఉండాలి.

అసలు లోటు రికార్డుది. ఏ చిత్రకారుడు ఏ ఏడాది ఏం వేశాడు, అది ఎవరింటికి చేరింది అనే పట్టిక ఉంటే దొంగ కాగితం చెల్లదు. మన భాషా సాంస్కృతిక శాఖ, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) కలిసి ఈ పని చేయొచ్చు. పెద్ద వయసు చిత్రకారులు మన మధ్య ఉండగానే, కరీంనగర్, వరంగల్ ఇళ్లలో ఉన్న చిత్రాలను వారికే చూపించి, ముందు వెనక ఫొటోలు తీసి, కొలతలు, మొదట కొన్నవారి వివరాలు నమోదు చేయాలి. ఈ ఏడాదే ఒక్క జిల్లాతోనైనా మొదలుపెట్టాలి.