ఫ్లై కట్టడానికి కిట్టు కొనకండి, దారం తగిలే అంచు చూసుకోండి

గాలం వేసే కుర్రాళ్ళలో ఈ మధ్య ఒక పిచ్చి పట్టుకుంది. ఫ్లై కట్టడం, అంటే గాలానికి ఈకలు, దారం చుట్టి పురుగులాగో చేపపిల్లలాగో ఎర తయారుచేయడం నేర్చుకుందామనుకోగానే ముందు ఆన్‌లైన్లో కిట్టు ఆర్డరు పెట్టేస్తారు. డబ్బాలో మెత్తటి ఇనప దవడల వైసు (గాలాన్ని కదలకుండా పట్టుకునే బిగింపు), మొద్దు కత్తెర, ఎందుకో తెలియని నాలుగైదు పనిముట్లు వస్తాయి. రెండు ఫ్లైలు కట్టేలోపే దారం టపటపా తెగుతుంది, డబ్బా అటకెక్కుతుంది. ఇంకొందరు విదేశీ వీడియో చూసి, సూదికి పిడి వేయడానికి వైన్ సీసా బిరడా కోసం బెజవాడంతా గాలిస్తారు. పిడే కదండీ, వెదురు ముక్క చాలదా?

ఈ పనిముట్లలో పనితనం కావాల్సింది మూడే చోట్ల: దారం జారే అంచు, ఈకను పట్టే మూతి, గాలాన్ని పట్టే దవడ. మిగతాదంతా పిడే. మొదటి రెండూ ఇంట్లో చేసుకోండి, డబ్బులు మూడోదానికి దాచుకోండి.

ఎక్కువమంది చేతులెత్తేసేది బాబిన్ హోల్డర్ దగ్గర, అంటే దారం చుట్టిన బాబిన్‌ను పట్టుకుని గొట్టంలోంచి దారాన్ని వదిలే పనిముట్టు దగ్గర. దానికి కావాల్సినవి ఒక సైకిల్ స్పోక్, కుట్టుమిషన్ ఇనప బాబిన్, వన్‌టౌన్లో దొరికే 8 మిల్లీమీటర్ల పూసలు రెండు, మెడికల్ షాపులో 18 గేజ్ సూది, అదే గులాబీ రంగు మొదలుది. సూది కొత్తదే కొనండి, వాడి పడేసినదాన్ని ముట్టుకోవద్దు. ఇవి కాక అరాల్డైట్ జిగురు. అన్నిటికంటే ఖరీదు అదే.

సూదిని కటింగ్ ప్లేయర్‌తో కోశారంటే గొట్టం నోరు నొక్కుకుపోతుంది. లోపల సన్న తీగ దూర్చి, మూడు పలకల ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి విరవండి. ఏటవాలు మొన, ప్లాస్టిక్ మొదలు రెండూ పోగా 3 సెంటీమీటర్ల గొట్టం మిగలాలి. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. బయటి అంచును 400 నంబరు ఎమెరీ కాగితం మీద, తర్వాత 1000 నంబరు మీద దొర్లిస్తూ గుండ్రం చేయండి. లోపలి అంచుకు దబ్బనం మొన పెట్టి మెల్లగా తిప్పితే గరుకు రాలిపోతుంది. మన గుంటూరులో మిర్చి టిక్కీలు కుట్టే దబ్బనమే సరిపోతుంది. ఆ తర్వాత నూలు దారానికి టూత్‌పేస్ట్ రాసి గొట్టంలోంచి అటూ ఇటూ లాగండి. చివరగా కాస్త దూదిని అంచు మీద రుద్ది చూడండి. ఒక్క పోగు చిక్కుకున్నా పని కానట్టే. ఇదంతా రెండు కొసలకీ చేయాలి. చాలామంది ముందు కొసను అద్దంలా చేసి వెనక కొసను వదిలేస్తారు. దారం అక్కడ తెగుతుంటే బాబిన్‌ను తిడతారు!

స్పోక్ తల, మరలు తీసేసి 10 సెంటీమీటర్ల ముక్కలు రెండు కోయండి. ఒక్కో ముక్క మొదటి సెంటీమీటరున్నర గొట్టానికి చెరోపక్క ఆనించి, సన్న రాగితీగతో బిగించి చుట్టి, అరాల్డైట్ పట్టించి 24 గంటలు కదపకండి. స్పోక్‌ను ముందు ఎమెరీతో గరుకు చేయకపోతే జిగురు ఊడొస్తుంది. రేడియో రిపేరు వాళ్ళ మామూలు సోల్డరింగ్ ఉక్కుకి పట్టదు, ఆ ప్రయాస వద్దు. చేతుల్లా మిగిలిన స్పోక్ ముక్కలను కొద్దిగా బయటకు వంచి, కొసలను లోపలికి మడిచి, పూసలు గుచ్చి అతికించండి. బాబిన్ ఇరుక్కునేది ఈ పూసల మధ్యే, ఆ ఖాళీ బాబిన్ వెడల్పు కంటే 3 మిల్లీమీటర్లు తక్కువుంటే బిగువు సరిగ్గా ఉంటుంది. దారం పట్టుకుని వేలాడదీసినప్పుడు హోల్డర్ తన బరువుకి కిందికి దిగకూడదు, వేలితో లాగితే మాత్రం బాబిన్ తిరగాలి. బిగువెక్కువైతే చేతులను కాస్త ఎడంగా వంచండి.

ఇంత ఓపిక లేదంటారా? చెవిలో పెట్టుకునే బడ్స్ ప్లాస్టిక్ పుల్ల (2022 జూలై నుంచి వాటి అమ్మకం నిషేధం, ఇంట్లో పాతవి ఉంటేనే) బోలుగా ఉంటే అదే గొట్టం. కొన్నాళ్ళకి దారం దాన్ని గాడి కోస్తుంది. అప్పుడు ఇంకో పుల్ల.

కుట్టుమిషన్ దారం మాత్రం అన్నిటికీ వాడకండి. కొర్రమీనుకి కట్టే పెద్ద కప్ప ఎరకి పర్వాలేదు. 12 నంబరు చిన్న గాలం మీద ఫ్లై తల ఉండకట్టి గాలం రింగు (దారం కట్టే కన్ను) మూసుకుపోతుంది. అక్కడ 70 డెనియర్ సన్న దారం కొనక తప్పదు.

ఈకను పట్టుకుని గాలం చుట్టూ చుట్టడానికి క్రొకడైల్ క్లిప్ చాలు, కానీ దాని పళ్ళు ఈక కాడను కొరికేస్తాయి. పళ్ళను ఆకురాయితో అరగదీసి, ఒక దవడకి వైర్ల మీద వేసే, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగి వేడి చేయండి. వెనక చిన్న రబ్బరు బ్యాండు కట్టి వేలు అందులో దూర్చి తిప్పితే, లాగుడు ఎక్కువైనా రబ్బరు సాగుతుంది, కాడ తెగదు. నాటుకోడి పుంజు మెడ ఈకలు మనకి ఊరికే దొరుకుతుంటే ప్యాకెట్లు కొనేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.

చివర్లో ఫ్లై తల దగ్గర దారానికి వేసే ముడికి పాత బాల్‌పెన్ను ముందు భాగం చాలు, రీఫిల్ తీసేసినది. దారాన్ని దాని మొన చుట్టూ ఒక చుట్టు వేసి, రంధ్రాన్ని గాలం రింగుకి తొడిగి, చుట్టును ముందుకి జార్చి బిగించండి. మూడుసార్లు వేసి నెయిల్ పాలిష్ చుక్క పెడితే ఊడదు.

వైసు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. లాకింగ్ ప్లేయర్‌ని బల్లకి బిగించి పెద్ద గాలాలు కట్టొచ్చు, కాదనను. కానీ మూతి వెడల్పు వల్ల గాలం కింద వేలు దూరదు. సన్నం చేయిద్దామని ఆటోనగర్లో గ్రైండింగ్‌కి ఇస్తే, పక్కనే నిలబడి ప్రతి రెండు మూడు సెకన్లకీ నీళ్ళలో ముంచమనండి. ఉక్కు నీలం రంగు తిరిగిందంటే దాని గట్టిదనం పోయినట్టే. మెత్తబడిన దవడలో గాలం తీగ గాడి చేసుకుంటుంది, తర్వాత ఎంత బిగించినా జారుతూనే ఉంటుంది.

కత్తెర కూడా కొనాల్సిందే, మొనలు సన్నగా కలిసేది. రాగితీగను దాని మొనలతో కోయకండి, నెయిల్ కట్టర్‌తో కోయండి.