ప్రతిసారీ గాలిదే తప్పా?

మళ్లీ గాలివాన, మళ్లీ లేచిపోయిన రేకులు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో వేసవి వచ్చిందంటే ఇది మామూలే. అధికారులు చెప్పేదీ మామూలే: ప్రకృతి వైపరీత్యం, మా చేతుల్లో ఏముంది? పేదవాడి రేకుల ఇంటి విషయంలో ఈ మాటను కొంత అర్థం చేసుకోవచ్చు. బోల్టులకు డబ్బుల్లేక రేకుల మీద బండరాళ్లు పెట్టుకుంటాడు, పెద్ద గాలికి ఆ రాళ్లే ఇంట్లోవాళ్ల నెత్తిన పడతాయి. కానీ సర్కారు సొమ్ముతో కట్టిన బడి షెడ్డు, మార్కెట్ యార్డు షెడ్డు ఎగిరిపోయినా గాలిదేనా తప్పు?

గాలి లెక్క రహస్యమేమీ కాదు. కట్టడాలకు గాలి ఒత్తిడి లెక్కలు చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం కర్నూలులో కట్టే భవనానికి సెకనుకు 39 మీటర్ల గాలివేగం, అంటే గంటకు 140 కిలోమీటర్లు, లెక్కలోకి తీసుకోమంటుంది. ఆ వేగానికి చదరపు మీటరుపై పడే ఒత్తిడి సుమారు 93 కిలోలు. అంతే విస్తీర్ణంలో ఇనుప రేకు బరువు అయిదారు కిలోలు! పైగా గాలి కప్పును పైకి పీకుతుంది, చూరు దగ్గరా మూలల్లోనూ మరీ గట్టిగా. ఎదురుగాలికి షట్టరో తలుపో ఊడిందా, లోపలికి దూరిన గాలి కిందనుంచి కూడా ఎత్తుతుంది. కప్పు పోయిందంటే ఆసరా లేని గోడా నిలవదు. అందుకే అంచు వరసల్లో రేకును దూలానికి పట్టి ఉంచే జే హుక్కులు దగ్గర దగ్గరగా వేయాలి, దూలాలను స్తంభాలకు, స్తంభాలను పునాదికి బిగించాలి. ఎగిరిపడిన రేకును తిప్పి చూస్తే చాలు. హుక్కు పట్టిన చోట బెజ్జం చిరిగి ఉంటే అక్కడ హుక్కులు చాలలేదు. బెజ్జమే లేకపోతే ఇక చెప్పేదేముంది?

2024 మే 13న ముంబై ఘాట్కోపర్‌లో హోర్డింగ్ కూలి 17 మంది చనిపోయారు. అనుమతించే కొలతకు ఎన్నో రెట్లు పెద్దది అది. దాన్ని పెట్టిన ఏజెన్సీ యజమాని కోర్టులో చెప్పుకున్నదేమిటి? దైవఘటన! ఆ సాకు మన ఇంజినీర్లకూ బాగా నచ్చినట్టుంది. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) అడుగు తగ్గిందని సామాన్యుణ్ణి నెలల తరబడి తిప్పుకునే ఆఫీసులు, సొంత షెడ్డు కూలితే ఆకాశం వైపు వేలు చూపిస్తాయి. నష్టాన్ని ఒకసారి గాలి ఖాతాలో రాశారంటే, వచ్చే టెండరులో హుక్కులు ఎగ్గొట్టేవాడికి భయమెందుకుంటుంది? మళ్లీ అదే కాంట్రాక్టరు, అవే రేకులు, అదే బిల్లు.

కలెక్టర్లు పరామర్శలు కాసేపు ఆపి ఆ పనుల ఎం-బుక్కులు, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకాలు, తెప్పించుకోవాలి. ఎన్ని హుక్కులకు బిల్లు చేశారు, ఎన్ని బిగించారు, కొలతల కింద సంతకం ఎవరిది? గాలి సంతకాలు పెట్టదు.