ఆకిన్‌లెక్: ఎర్రకోట కేసులో ఆ సంతకం

ఆజాద్ హింద్ ఫౌజ్ కేసు అనగానే మనకు బారిస్టర్ కోటు వేసుకున్న నెహ్రూ, భూలాభాయ్ దేశాయ్ వాదన గుర్తొస్తాయి. బ్రిటిష్ ఇండియా సైన్యం వదిలి సుభాష్ చంద్రబోస్ నడిపిన ఆ ఫౌజ్‌లో చేరిన అధికారులు షా నవాజ్ ఖాన్, సహగల్, ధిల్లాన్ ముగ్గురూ దోషులని 1945 డిసెంబర్ చివర్లో ఢిల్లీ ఎర్రకోటలో సైనిక కోర్టు తేల్చింది. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష వేసింది. అయినా కొద్ది రోజుల్లోనే వాళ్లు జనం మోసుకెళ్లే పూలదండల మధ్య తిరిగారు. ఆ శిక్షను రద్దు చేసింది బ్రిటిష్ ఇండియా సైన్యాధిపతి క్లాడ్ ఆకిన్‌లెక్. రెండో ప్రపంచ యుద్ధంలో, ఉత్తర ఆఫ్రికా ఎడారి పోరులో బ్రిటిష్ ప్రధాని చర్చిల్ పక్కన పెట్టేసిన జనరల్‌గానే ఆయన చాలామందికి తెలుసు. ఆయన్ను అంచనా వేయాల్సింది మాత్రం ఢిల్లీలో చేసిన పనిని బట్టే అని నా అభిప్రాయం.

1884లో ఆల్డర్‌షాట్‌లో పుట్టారు. ఎనిమిదేళ్లకే తండ్రి పోయారు. స్కాలర్‌షిప్ మీద చదువుకుని శాండ్‌హర్స్ట్ నుంచి ఇండియా సైన్యంలోకి, 62వ పంజాబీస్ పటాలానికి వచ్చారు. సిపాయిలతో నేరుగా మాట్లాడేంత పంజాబీ నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్)లోని హన్నా దగ్గర తన పటాలం సగానికి పైగా నేలకొరగడం కళ్లారా చూశారు.

ఇక ఎడారి సంగతి. 1942 జూన్ 21న లిబియాలోని టోబ్రుక్ కోట జర్మన్ సేనాని రోమెల్ చేతికి చిక్కింది. అదే రోజు ఆకిన్‌లెక్ పుట్టినరోజు. నాలుగు రోజులకు జనరల్ రిచీని తప్పించి, ఎడారిలో పోరాడుతున్న బ్రిటిష్ 8వ సైన్యం పగ్గాలు స్వయంగా పట్టారు. జులైలో ఈజిప్టులోని అలమైన్ దగ్గర రోమెల్‌ను నిలువరించారు. ఆగస్టులో చర్చిల్ ఆయన్ను తీసేశారు. ఆ తర్వాత పేరంతా 8వ సైన్యానికి కొత్త సేనానిగా వచ్చిన మాంట్‌గోమరీకి వెళ్లింది. ఇందులో అన్యాయం ఉంది, నిజమే. కానీ 8వ సైన్యానికి మొదట కన్నింగ్‌హామ్‌ను, తర్వాత రిచీని ఎంచుకున్నది ఆయనే. మనుషులను ఎంచుకోవడంలో ఆయన చేయి తిరిగినవాడు కాదు.

సిపాయిని చూసే తీరులో మాత్రం తన తరం అధికారుల కంటే ముందున్నారు. ఫలానా కులాలు, ఫలానా ప్రాంతాలవాళ్లే యుద్ధానికి పనికొస్తారన్న 'మార్షల్ రేస్' నమ్మకం అప్పటికి సైన్యంలో వేదవాక్కు. ఆ లెక్కతోనే 1920లలో మద్రాసు పటాలాలను ఎత్తేశారు. ఎడారికి వెళ్లకముందే, 1941లో తొలిసారి ఇండియా సైన్యాధిపతి అయ్యాక ఆకిన్‌లెక్ ఆ గిరి దాటాలని లండన్‌తో వాదించారు. ఆ కాలంలోనే అస్సాం, బిహార్, మహర్ రెజిమెంట్లు వచ్చాయి. మద్రాస్ రెజిమెంట్‌కు మళ్లీ ప్రాణం వచ్చింది. యుద్ధ అవసరం కూడా తోసింది కాబట్టి మొత్తం ఘనత ఆయనొక్కడిదే అనలేం. 1939లో సుమారు 2 లక్షలున్న సైన్యం 1945కి 25 లక్షలు దాటింది. అందులో అప్పటి మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన మన తెలుగువాళ్లూ ఉన్నారు. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఆ జ్ఞాపకం ఇంకా ఇంటింటిదీ.

ఇప్పుడు ఎర్రకోటకు వద్దాం. ముగ్గురూ రాజుపై యుద్ధం చేశారన్నది ప్రధాన అభియోగం. అది రుజువైతే చట్టం ప్రకారం ఉరి, లేదా ద్వీపాంతరం. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు ఒకే బోనులో నిలబడటంతో దేశమంతా ఒక్కటై కదిలింది. సైనిక కోర్టు తీర్పు అమలు కావాలంటే సైన్యాధిపతి ఆమోదించాలి. 1946 జనవరి 3న ఆకిన్‌లెక్ ద్వీపాంతర శిక్షను రద్దు చేశారు. ఉద్యోగం నుంచి బర్తరఫ్, జీతం బకాయిల జప్తు మాత్రం అలాగే ఉంచారు. ప్రమాణం తప్పినవాళ్లను వదిలేస్తారా అని బ్రిటిష్ అధికారుల్లో చాలామంది రగిలిపోయారు. వాళ్లకు ఆయన రహస్య లేఖ రాసి వివరణ ఇచ్చారు. భారతీయుడన్నవాడు జాతీయవాది కాకుండా ఉండడని, అంత మాత్రాన బ్రిటిష్‌వాళ్లకు శత్రువు కానక్కర్లేదని అందులో ఆయన వాదన. శిక్ష అమలు చేస్తే సైన్యమే చీలిపోతుందని గ్రహించారు. నలభై ఏళ్లకు పైగా ఆ యూనిఫాం వేసుకున్న మనిషి, ఆ సైన్యం ఇక తమది కాదని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ మరుసటి నెలే బొంబాయిలో నావికులు తిరగబడ్డారు. ముగ్గురినీ శిక్షించి ఉంటే పరిస్థితి ఎక్కడికి పోయేదో ఊహించుకోవచ్చు.

దేశ విభజన ఆయనను విరిచేసింది. సైన్యాన్ని రెండుగా చీల్చడం ఆయనకు ఇష్టం లేదు, అయినా ఆ పని ఆయన చేతుల మీదుగానే జరిగింది. 1947 అక్టోబర్ 28న లాహోర్‌కు వెళ్లి, కాశ్మీర్‌కు సేనలు పంపాలన్న ఆదేశాన్ని జిన్నా చేత వెనక్కి తీయించారు. పంపితే పాకిస్తాన్ సైన్యంలో ఉన్న బ్రిటిష్ అధికారులందరినీ ఉపసంహరిస్తానని తేల్చి చెప్పారు. రెండు దేశాలూ నేరుగా తలపడకుండా అప్పటికి ఆపిన మాట అది. లార్డ్ బిరుదు ఇస్తామంటే, విభజన పనికి గౌరవం పుచ్చుకోనని కాదన్నారు.

అయితే పంజాబ్ విషయంలో ఆయన్ను వెనకేసుకు రావడం కష్టం. ఊళ్లు తగలబడుతున్నప్పుడు ఆయన కింద ఇంకా బ్రిటిష్ పటాలాలు ఉన్నాయి. బ్రిటిష్‌వాళ్ల ప్రాణాలు కాపాడటానికి తప్ప కదలొద్దని వాటికి ఆదేశం. ఆ ఆదేశం ఆయన ఒక్కడిదే కాదు, కానీ దాన్ని ధిక్కరించి నిలబడిందీ లేదు. జనవరిలో సొంత అధికారుల కోపాన్ని లెక్కచేయని తెగువ, మరుసటి ఏడాది ఆగస్టులో అవసరమైనప్పుడు కనిపించలేదు.