రోజుకు 90 చెంచాల పసుపు

క్యాన్సర్‌కి మందు పోపులపెట్టెలోనే ఉందని తేలిపోయింది కనుక ఇక కీమో వార్డులు ఖాళీ చేయించడమే తరువాయి. ఎవరు తేల్చారని అడక్కండి. ఫ్యామిలీ గ్రూపులో, పొద్దున్నే వచ్చే శుభోదయం గులాబీ కిందే తేలింది. ఆ మెసేజ్‌లో మోతాదు ఒక్కటే రాయరు. ప్రజాహితం కోరి ఆ లోటు ఇక్కడ పూడుస్తున్నాం.

పసుపులో ఘనకార్యం చేసేదని చెప్పే పదార్థం కర్క్యుమిన్. దుగ్గిరాల యార్డులో కొమ్ములు కొన్నా, నిజామాబాద్‌లో కాడి పసుపు కొన్నా బరువులో అది 3 శాతానికి కాస్త అటూ ఇటూ. అమెరికాలో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ వాళ్లు క్లోమ (ప్యాంక్రియాస్) క్యాన్సర్ రోగులకి ఇచ్చి చూసింది రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్. వంటింటి లెక్కలో అది 265 గ్రాముల పసుపు. టీ చెంచాకి 3 గ్రాములు పడితే దాదాపు 90 చెంచాలు. పప్పులో వేసే చిటికెడు పావు గ్రాము అనుకుంటే వెయ్యి చిటికెలకి పైమాటే. నెలకి 8 కిలోలు. కిరాణా కొట్టాయన పెళ్లెవరికని అడుగుతాడు, మొహమాటపడకండి.

ఇంతా చేసి ఏమైందంటారా? 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో, లెక్కకి నిలిచిన 21 మందిలో ఇద్దరిలో కాస్త కదలిక కనబడింది. ఒకరికి జబ్బు ఏడాదిన్నర పైగా ముదరకుండా ఆగింది. ఇంకొకరికి కణితి బాగా తగ్గింది, కానీ ఆ ముచ్చట కొన్నాళ్లే. రక్తంలో చూస్తే కర్క్యుమిన్ నానోగ్రాముల్లో, అంటే గ్రాములో వందకోట్లో వంతుల్లో ఉంది. పేగూ కాలేయం కలిసి దాన్ని గుమ్మంలోనే పలకరించి, అటునుంచి అటే సాగనంపేస్తాయి.

అందుకేగా మిరియాలు కలపమన్నది, అంటారు గ్రూపు పెద్దలు. నిజమే. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కి మిరియాల్లో ఉండే పైపెరిన్ 20 మిల్లీగ్రాములు జోడిస్తే ఒంటికి అందేది 2000 శాతం పెరిగింది. ఎంత మీద 2000 శాతం అన్నది మాత్రం ఫార్వర్డ్‌లో రాదు. విడిగా ఇచ్చినప్పుడు రక్తంలో దొరికింది దాదాపు సున్నా. పైగా పైపెరిన్ ఆ పని చేసేది మందుల్ని బయటికి పంపే ఎంజైములకి అడ్డుపడి. అదే దారిన పోవాల్సిన వేరే మందులూ లోపలే ఇరుక్కోవచ్చు. కీమో మోతాదుని మిల్లీగ్రాముల్లో తూచి రాసిన డాక్టరుకి మిరియాల కషాయం సంగతి తెలియదు పాపం.

మరి ల్యాబులో క్యాన్సర్ కణాలు చచ్చాయి కదా? చచ్చాయి. గాజు పళ్లెంలో. అక్కడ పేగుల్లేవు, కాలేయం లేదు. ఇంకో చిక్కుంది. తెల్లచొక్కా మీద పులుసు చుక్క పడితే ఎన్ని సబ్బులు రుద్దినా ఆ పసుపు మరక వదలదు గదా. కర్క్యుమిన్ ల్యాబులోనూ అదే బుద్ధి చూపిస్తుంది. కనబడ్డ ప్రతి ప్రోటీనుకీ అంటుకుంటుంది, తనంతట తానే మెరుస్తుంది. ఆ మెరుపుని కొలిచే యంత్రం మందు పనిచేసిందని రాసేసుకుంటుంది. మందుల రసాయన శాస్త్రం తెలిసినవాళ్లు 2017లో ఈ సంగతి వివరంగా రాశారు. అది ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు, గులాబీ లేదేమో.

2024 నవంబరులో ముంబై టాటా మెమోరియల్ హాస్పిటల్‌లో పనిచేస్తున్న, ఒకప్పుడు పనిచేసిన 262 మంది క్యాన్సర్ వైద్యులు, పసుపూ వేపాకూ నమ్ముకుని చికిత్స ఆలస్యం చేయకండని ప్రకటన ఇచ్చారు. పాపం, వాళ్లకి గ్రూపులో చేరే తీరిక లేదు.

పప్పులో చిటికెడుకి ఎవరి చీటీ అక్కర్లేదు. పేచీ అంతా కర్క్యుమిన్ క్యాప్సూళ్లతోనే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి రక్తస్రావం పెరగొచ్చు కాబట్టి ఆపరేషన్‌కి ముందు ఈ క్యాప్సూళ్లు ఆపించాల్సి వస్తుంది. ఒంటికి బాగా పట్టేలా తయారుచేసిన రకాలు మింగి కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. అసలు ఒంటికి పట్టదన్న బాధ తీరాక మొదలైన బాధ ఇది.

ఓపీలో డాక్టరు అడుగుతాడు, "మేం రాసినవి కాక ఇంకేమైనా వాడుతున్నారా?"

"అబ్బే, ఏం లేదండీ."

"ఆకు మందులు, క్యాప్సూళ్లు?"

పక్కనున్న బావమరిది అందుకుంటాడు. నిన్న రాత్రే గ్రూపులో స్టేజ్ ఫోర్‌ని మూడు వారాల్లో మాయం చేసినవాడు.

"పసుపేనండీ. వంటల్లో వేసుకునేదే. దాన్ని కూడా మందంటారా?"