రేడియేటర్ మూత తీయమన్న మహానుభావుడికి

"మెకానిక్‌లు మీకు చెప్పని 7 రహస్యాలు" అని పాత కార్ల మీద ఒక మెసేజ్ తిరుగుతోంది. ఈ వారంలో నాకు ఐదోసారి వచ్చింది, అందులో రెండుసార్లు మా బావే పంపాడు. నా దగ్గర 2008 ఆల్టో ఉందని, ఆదివారం వస్తే హన్మకొండలో మా ఇంటి ముందు బానెట్ ఎత్తి నిలబడతానని అందరికీ తెలుసు కదా, అందుకే "నీకు పనికొస్తది, చూడు" అంటారు. చూశాను. పనికొచ్చేది ఒక్కటుంది, దాని సంగతి తర్వాత.

ఎండాకాలం ట్యాంక్ ఫుల్ చేస్తే పేలుతుందట. ఇది ఏటా మామిడికాయలతో పాటే వస్తుంది. అబద్ధమని ఇండియన్ ఆయిలే చెప్పినా ఆగదు. పెట్రోల్‌లో డాంబర్ గోలీలు వేస్తే మైలేజీ పెరుగుతుందట. బీరువాలో వేసుకోండి, బట్టలన్నా బాగుంటాయి. ఇంజన్ ఆయిల్ మార్చక్కర్లేదు, తగ్గినంత పోస్తే చాలట. మూడు లీటర్లు కూడా పట్టని ఇంజన్ దగ్గరా పిసినారితనం?

థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను చల్లార్చే రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) పీకేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందట. ఉంటుంది, రోగమే అది. ఇంజన్ ఇంకా వేడెక్కలేదని సెన్సార్ చెప్తుంటే ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, పెట్రోల్ ఎక్కువ పోయిస్తూనే ఉంటుంది. గోలీలు వేసి పెంచిన మైలేజీ ఇక్కడ పోయింది.

కూలెంట్ (ఇంజన్ చల్లబడటానికి రేడియేటర్ నీళ్లలో కలిపే ద్రవం) కంపెనీల మోసమట, బోరు నీళ్లు చాలట. ఇక్కడ నేను గొంతు పెంచలేను, రెండేళ్లు నేనూ అదే పోశాను. తర్వాత రేడియేటర్ విప్పితే లోపల గొట్టాల నిండా తెల్లటి పొర, మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నెకు పట్టినట్టే. దారిలో ఏమీ దొరక్కపోతే ఏ నీళ్లయినా పోయొచ్చు, కానీ ఇంటికొచ్చాక తీసేసి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయాలి.

ఇక ఒకటో పాయింట్. నాకు ఒళ్లు మండేది దీనికే. "ఇంజన్ హీటెక్కితే వెంటనే రేడియేటర్ మూత తీసి చల్లటి నీళ్లు పోయండి." వెంటనే అట! ఆ మూత లోపలి ప్రెషర్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో అవి భగ్గున మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదికి ఎగదన్నుతాయి. పోయిన మే నెలలో ములుగు నుంచి వస్తూ ఆత్మకూరు దగ్గర మా బావ ఇదే చేశాడు. "ఏం కాదురా, మెసేజ్‌ల ఉన్నది" అన్నాడు, నేను నీళ్ల బాటిల్ తెచ్చేలోపే తిప్పేశాడు. మోచేతి దాకా తోలు ఊడింది, నెల రోజులు ఎడమ చేత్తో తిన్నాడు. మళ్లీ ఆ మెసేజే నాకు పంపుతున్నాడు, ఏమనాలి? పైగా కాలిపోతున్న అల్యూమినియం హెడ్ (ఇంజన్ పైభాగం) మీదికి ఒక్కసారిగా చన్నీళ్లు వెళ్తే అది వంగొచ్చు, పగలొచ్చు. అప్పుడు హెడ్ దింపాలి, లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి, అంటే దాని అడుగు సమంగా చెక్కించాలి, కింద కొత్త గ్యాస్కెట్ (లీకు కాకుండా వేసే పొర) వేయాలి. మెకానిక్‌లు చెప్పని రహస్యమట! నిజానికి చెప్తేనే వాళ్లకు లాభం కదా.

బండి పక్కన ఆపండి, ఇంజన్ కట్టేయండి, బానెట్ ఎత్తి కనీసం అరగంట కూర్చోండి. రేడియేటర్ పై గొట్టం గుడ్డతో నొక్కితే మెత్తగా అనిపించాలి, అప్పుడు కూడా మందపాటి గుడ్డ వేసి మూత కొంచెమే తిప్పి గాలి పోనివ్వండి. ఆ తర్వాత అసలు ఎందుకు హీటెక్కిందో చూడండి. మా బావ బండిలో ఫ్యాన్ ఫ్యూజ్ కాలిపోయింది, అంతే.

ఆ పనికొచ్చేది ఆరో పాయింట్: టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి హీటర్ ఫుల్ పెట్టమన్నాడు. మొదట నవ్వాను, మే నెలలో హీటరేంటని. కానీ అది కరెక్టే, హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని లాగి మన మీదికి వదులుతుంది. కూలెంట్ మొత్తం కారిపోయి ఉంటే మాత్రం పనిచేయదు. కాజీపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో నా ఫ్యాన్ మోటార్ పోయినప్పుడు అద్దాలు దించి హీటర్ పెట్టుకునే ఇంటికొచ్చాను, ముల్లు దిగింది. పక్కన కూర్చున్న మా బాపు మాత్రం ఆ రోజు నుంచి నా కారెక్కడం లేదు, ఆటోలో వస్తానంటాడు.