లూజు ఆయిలు గారికో దండం

తాడిపత్రి బజారులో పేరూ ఊరూ లేని డ్రమ్ములో కొలువైన లూజు ఇంజను ఆయిలు గారికి, పాత ట్రాక్టర్లోళ్లం రాసుకునేది ఏమనగా:

తమరి గొప్ప చాటడానికి అంగడాయన చేసే పరీక్ష ఒకటే. చుక్క తీసి రెండు వేళ్ల మధ్య రుద్ది, "చూడప్పా, ఎంత జిగురుందో!" అంటాడు. జిగురే కావాలంటే బెల్లం పాకం పోసుకుంటాం కదా స్వామీ! వేళ్లకు తెలిసేది అంగట్లో ఉన్నప్పటి చిక్కదనం. ఇంజనుకు కావాల్సింది బాగా కాగినాక మిగిలేది. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటే, ఆ 40 చెప్పేది అదే: 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 12.5కు తగ్గకుండా, 16.3 సెంటీస్టోకులు (చిక్కదనం కొలత) దాటకుండా ఉండాలని. 15డబ్ల్యూ చలిలో స్టార్టింగు సంగతి. మన ఎండలకు 20డబ్ల్యూ-40 అయినా నడుస్తుంది, బండి పుస్తకం ఒప్పుకుంటే.

తమరి డ్రమ్ము మీద ఏపీఐ అక్షరాలు, అంటే అమెరికన్ పెట్రోలియం సంస్థ ఆయిలు రకానికిచ్చే గుర్తులు, యాడా కనపడవు. 'సీ'తో మొదలైతే డీజిలుకు, 'ఎస్'తో మొదలైతే పెట్రోలుకు. సీడీ, సీఎఫ్-4 అడిగే పాత ఇంజనుకు సీహెచ్-4 నిక్షేపంగా పోయొచ్చు. తమరిది ఏ వంశమో?

"మా ఆయిలు తొందరగా నల్లబడదు" అని ఇంకో బడాయి. డీజిలు ఇంజన్లో మసి పుట్టక మానదు. మంచి ఆయిలు దాన్ని తనలో కలుపుకొని నల్లబడుతుంది, డ్రైను చేసినప్పుడు బయటికి తెస్తుంది. తమరు తేనె రంగులో మెరుస్తుంటే, ఆ మసంతా ఇంజను కింద ఆయిలు నిలిచే సంపు అడుగున మడ్డిగా పేరుకుంటోందన్నమాట. అందుకే ఏండ్ల తరబడి తమరిని తాగిన బండికి ఉన్నట్టుండి మంచి ఆయిలు పోస్తే, పాత మడ్డి కదిలి ఫిల్టరు మూసుకుపోతుంది. మొదటిసారి 50 గంటలకే ఆయిలూ ఫిల్టరూ రెండూ మార్చాలి, ఇంజను వేడి మీదుండగానే దించాలి. ఆ తర్వాత పుస్తకంలో ఉన్న గంటల లెక్క.

నీలం పొగ వస్తే తమరి అన్నగారు, ఇంకా చిక్కనైన 50 నంబరు ఆయిలును పోయమంటారు. పొగ కొన్నాళ్లు తగ్గుతుంది, అరిగిన రింగులు మాత్రం అరుగుతూనే ఉంటాయి. డిప్‌స్టిక్కు (ఆయిలు కొలిచే పుల్ల) మీద మట్టం పెరిగితే తమరి మహిమే అని మురిసేవాళ్లూ ఉన్నారు! వాసన చూడాలి. డీజిలు వాసనొస్తే ఫీడు పంపు డయాఫ్రమో, ఇంజెక్షను పంపు సీలో పోయినట్టు. పాలలా తెల్లబడితే నీళ్లు దిగినట్టు, మొదట హెడ్డు గ్యాస్కెట్టు చూడాలి. రెండింట్లో ఏదైనా సరే, బండిని అక్కడే నిలపాలి.

ఇంజను పీల్చే గాలిలోని దుమ్మును ఆయిల్లో పట్టే ఎయిర్ క్లీనరు గిన్నెలోనూ తమరే దూరారు. చెనిక్కాయ చేన్లో ఎర్రదుమ్ము లేచే కాలంలో ఆ గిన్నె రోజూ సాయంత్రం విప్పి కడిగి, ఇంజన్లో పోసే ఆయిలే గీత వరకు పోయాలి. గీత దాటిందా, ఇంజను దాన్నే పీల్చుకొని కాలుస్తుంది. స్టాపు లాగినా ఆగకుండా రేసవుతుంది.

గేటు బందులు కిర్రుమంటున్నాయి, సైకిలు చైను తుప్పు పట్టింది. తమరికి అక్కడ ఉద్యోగం ఖాయం చేసినాం.

ఇట్లు,
పాత ట్రాక్టర్లోళ్లం